కింది సుత్తి పిస్తోలు

మ్యూజియం వెనకగది,
జూన్ 4

అన్నయ్యా,

చేరాను. బస్సులో పక్కాయన దారిపొడవునా నా భుజం మీద నిద్రపోయాడు. దిగేటప్పుడు నన్నే విసుక్కున్నాడు, నా ఎముకలు గుచ్చుకున్నాయట. అదీ నా ప్రయాణం.

వీళ్ళ తుపాకులు బాగుకి మన షాపుకే వస్తాయి కాబట్టి నువ్విచ్చిన చీటీ పనిచేసింది. పెద్ద మేడమ్ పనిలో పెట్టుకుంది. మ్యూజియం అంటే ఏదో అనుకున్నాను గానీ నాకు కనిపించేది వెనకగదే. పొడుగు బల్ల, రెండు కిటికీలు, గోడనిండా మూతినుంచి మందు కూరే పాత తుపాకులు. పక్కబల్ల మీద ఒక ముసలాయన చెక్కభాగాలకి వార్నిష్ వేస్తుంటాడు. అందరూ వార్నిష్ తాత అంటారు. మొదటిరోజే నన్ను చూసి, "కుర్చీలో మేకులున్నాయేంట్రా, ఊరికే లేస్తావు?" అన్నాడు. మా మామయ్య నన్ను తూనీగ అంటాడని చెప్పాను. అప్పట్నుంచీ ఆయనా అదే పిలుపు.

ప్రస్తుతానికి దుమ్ము దులపడం, చీటీలు అంటించడం. తుపాకీ విప్పనివ్వరు. సెప్టెంబరు చివరిదాకా చూస్తారట. ఈలోపు నేను పని నేర్చుకున్న చోటునుంచి, అంటే మామయ్య చేతిరాతతో, 'వీడి చేతికి తుపాకీ ఇవ్వొచ్చు' అని కాగితం తేవాలి. తెస్తే బల్ల నాది. తేకపోతే చీపురు నాది, అదీ కొన్నాళ్ళే.

నాకు వేరే పని రాదని నీకు తెలుసు. ఎనిమిదో క్లాసులో పుస్తకాలు పడేసి ఆకురాయి పట్టుకున్నవాణ్ణి. కానీ ఆయన కన్ను పోగొట్టినవాడు ఏ మొహంతో కాగితం అడుగుతాడు? ఆస్పత్రిలో కాళ్ళు పట్టుకుంటే మామయ్య ఒక్క ముక్క పలకలేదు. నువ్వే అడగాలి.

మామయ్యకి రాసిన ఉత్తరం ఇందులోనే పెట్టాను. చదివి వినిపించు. కట్టు విప్పారా? నొప్పి తగ్గిందా?

నీ తమ్ముడు


వర్క్‌షాపు,
జూన్ 19

ఒరేయ్ చిన్నోడా,

కట్టు విప్పారు. కుడికన్ను ఇక లేనట్టే. ఎడమకంటితో నెమ్మదిగా పేపరు చదువుతున్నాడు. ఇంకా మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకుంటాడు.

నీ ఉత్తరం వినిపించాను. సగంలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాగితం మాట ఎత్తితే, "వాడి పేరెత్తకు" అన్నాడు. నువ్వు బాధపడకు. కాస్త టైము ఇద్దాం.

నేను నీ వైపేరా. ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను. మా షాపులో ఏ తుపాకీ వచ్చినా గొట్టంలో కడ్డీ దోపి, ఖాళీ అని చూసి తెల్లదారం కడతాం, దారం ఉంటే మామయ్య ఇంకేం చూడడు, పళ్ళ డాక్టరు బాగుకిచ్చిన పిస్తోలుకి దారం కట్టింది మావాడే, లోపల వందేళ్ళనాటి మందు ఉండిపోయింది, మావాడు చూసుకోలేదు అని. మామయ్య నువ్వు చేసిపెట్టిన స్ప్రింగ్ బిగించుకుని, పిస్తోలు తిరగేసి బల్ల మీది వైసులో బిగించి, వంగాడు. అది పేలింది. నువ్వు ఇసక కాగితాలకి బజారుకెళ్ళావు, నేను గేటు దగ్గరున్నాను. అంతే కదా జరిగింది? కావాలని ఎవడు చేస్తాడు? నీకు కుదురు తక్కువ, అంతే.

ఆస్పత్రివాళ్ళు కంట్లోంచి తీసిన తునకని చిన్న సీసాలో వేసి ఇచ్చారు. క్యాప్ ముక్క. ఆవగింజంత రాగి, తళతళా మెరుస్తుంటుంది. అలమర పైఅరలో పెట్టాను, మామయ్య చెయ్యి తగలకుండా.

వేళకి తిను.

అన్నయ్య


మ్యూజియం వెనకగది,
జూలై 11

అన్నయ్యా,

ఆ తునక సంగతి రాయకపోతే బాగుండేది. నాలుగురోజులు ముద్ద దిగలేదు.

వార్నిష్ తాత ఊరుకోడు కదా. "ఏ తుపాకీరా మీ మామ కన్ను తీసింది?" అని అడిగాడు. కింది సుత్తి పిస్తోలు అని చెప్పాను. అదేంటో ఆయనకి తెలీదు. చెక్కముక్కా చెంచా పట్టుకుని చూపించాను. మామూలు తుపాకీకి సుత్తి గొట్టం పక్కన, పైకి ఉంటుంది. కొడితే నిప్పురవ్వలు కాల్చేవాడి మొహం మీదికే. దీనికి అన్నీ గొట్టం కిందే. సుత్తి కిందనుంచి పైకి కొడుతుంది, నిప్పు నేలకి పోతుంది, గురిచూసే కంటికి ఏదీ అడ్డం రాదు. లోపల పెద్ద యంత్రం కూడా ఏమీ లేదు. సుత్తి, ట్రిగ్గర్, స్ప్రింగ్. ఆ స్ప్రింగే విల్లులా వంగి ట్రిగ్గర్ చుట్టూ కాపలా కమ్మీ కూడా అవుతుంది. ఇంత తేలిగ్గా ఆలోచించినవాడికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

"కంటికి అంత మంచిదైతే కన్నెలా పోయిందిరా?" అన్నాడు తాత.

"బాగుచేసేవాళ్ళు తిరగేసి పెట్టుకుంటారు తాతా. నేలకి పోవాల్సిన నిప్పు మొహానికొస్తుంది."

పెద్ద మేడమ్ వెనక నిలబడి అంతా వింది. "నీకు బాగా తెలుసే" అంది. నా చెవులు వేడెక్కాయి. వెంటనే, "మరి కాగితం?" అంది. వస్తుందండీ అన్నాను.

నిజం చెప్పనా? ఆ రోజు కడ్డీ దోపానో లేదో నాకు తెలీదు. దోపినట్టే ఉంటుంది. కానీ ఆ గుర్తు ఆ రోజుదో, అంతకుముందు వెయ్యిసార్లు దోపినవాటిదో తేల్చుకోలేకపోతున్నాను. ఇప్పుడు గొళ్ళెం పెట్టి మూడుసార్లు లాగి చూస్తున్నాను. చీటీ అంటించి, సరైన తుపాకీకే అంటించానా అని మళ్ళీ వెళ్ళి చూస్తున్నాను. తాత నవ్వుతున్నాడు. నాకు నవ్వు రావట్లేదు.

మామయ్యకి ఇంకో ఉత్తరం పెట్టాను. ఈసారి చివరిదాకా వినమను. తిట్టమను. తిట్టినా చాలు.

నీ తమ్ముడు


వర్క్‌షాపు,
ఆగస్టు 2

చిన్నోడా,

పని ఒత్తిడి, అందుకే ఆలస్యం. మామయ్య షాపు బోర్డు మార్పించాడు. తన పేరు కింద నా పేరు రాయించాడు, ఎర్రరంగుతో. ఎందుకూ అన్నాను. వినలేదు.

నీ ఉత్తరం వినిపించాను. తిట్టలేదు. కాగితానికి మాత్రం ససేమిరా అన్నాడు. ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. ఈ తుపాకుల పని వదిలెయ్. ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసినా బతకొచ్చు, వాటితో ఎవరి కళ్ళూ పోవు. మీ మేడమ్‌కి నేనే రాసి పడేద్దామనుకున్నాను గానీ అబద్ధం రాయడానికి చెయ్యి రాదు కదా.

అన్నయ్య


మ్యూజియం వెనకగది,
ఆగస్టు 20

అన్నయ్యా,

నిన్న ఒక కింది సుత్తి పిస్తోలు వచ్చింది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ మ్యూజియానికి ఇచ్చారు. పళ్ళ డాక్టరుదానికి తోబుట్టువే అనుకో. దీని స్ప్రింగూ విరిగింది. చేతిలోకి తీసుకోగానే సుత్తి ఊడబోయే పన్నులా వేలాడింది.

నేను అలాగే నిలబడిపోయాను. తాత వచ్చి, "తూనీగ కదలకుండా నిలబడిందంటే ఏదో అయింది" అన్నాడు.

అయింది. తాతకి చెప్పినట్టే నీకూ మొదటినుంచీ చెబుతాను విను.

క్యాప్ అంటే చిన్న రాగి టోపీ. గొట్టానికి ఉన్న బొడిపెకి తొడిగితే, సుత్తి దాన్ని కొడుతుంది, అది పేలి లోపలి మందుని అంటిస్తుంది. క్యాప్ లేకపోతే లోపల ఎంత మందున్నా బూడిదతో సమానం. కింది సుత్తి దాంట్లో ఆ బొడిపె నేలవైపు ఉంటుంది. క్యాప్ పాతదై వదులైతే సుత్తి నొక్కి పట్టుకోవాలి. స్ప్రింగ్ విరిగితే సుత్తి దేన్నీ పట్టుకోదు. క్యాప్ ఎప్పుడో రాలిపోతుంది.

డాక్టరు పిస్తోలు మన షాపుకి వచ్చిందే స్ప్రింగ్ విరిగి. బొడిపె బోసిగా ఉంది. పచ్చగా చిలుము పట్టి ఉంటే సూదితో గీకాను. ఆ పచ్చపొడి నా గోళ్ళలో ఉండిపోతే, అన్నం దగ్గర మామయ్య, "చేతులు కడుక్కోరా, విషం తింటావా" అని కసిరాడు. నువ్వు ఎదురుగా కూర్చుని నవ్వావు. ఇది మాత్రం వెయ్యిసార్లు జరిగింది కాదు. ఒక్కసారే.

కాబట్టి క్యాప్ తరవాత వచ్చింది. వందేళ్ళనాటి రాగి నల్లగా, పచ్చగా ఉంటుంది. మామయ్య కంట్లోంచి తీసింది తళతళా మెరుస్తోందని నువ్వే రాశావు. ఆ ఉత్తరం నా ముందే ఉంది.

కొత్త క్యాపుల డబ్బా నీ సొరుగులో ఉంటుంది. తాళం నీ మొలకి ఉంటుంది. మామయ్య వైసులో పెట్టేదానికి క్యాప్ తొడగడు. నేను బజారులో ఉన్నాను.

ఇప్పుడు నువ్వు చెప్పు.


వర్క్‌షాపు,
ఆగస్టు 30

చిన్నోడా,

నన్నే అనుమానిస్తావా అని మొదలుపెట్టి రెండు కాగితాలు చింపాను. ఇది మూడోది.

ఆ శనివారం మామయ్య క్షవరానికి వెళ్ళాడు. పళ్ళ డాక్టరు వచ్చాడు. వస్తూనే, "చిన్నాడు లేడా? వాడుంటే కాల్చి చూపించేవాడే" అన్నాడు. ఎప్పుడూ అంతే కదరా. ఎవరొచ్చినా చిన్నాడు ఏడీ, చిన్నాడు ఏడీ. నీకంటే ఆరేళ్ళు పెద్ద నేను. నీకు ఆకురాయి పట్టుకోవడం నేర్పింది నేను.

నువ్వు చేసిపెట్టిన స్ప్రింగ్ తీసి బిగించాను. మందు పోశాను, గుండు దిగ్గొట్టాను, క్యాప్ తొడిగాను. పెరట్లోకి తీసుకెళ్ళి నొక్కాను. టిక్ మంది. పేలలేదు. క్యాప్ సగం నలిగి ఊరుకున్నట్టుంది. డాక్టరు నవ్వి, "పోన్లే, చిన్నాడు వచ్చాక చూస్తా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. దాన్ని అలాగే అరలో పెట్టి ఆయన్ని గేటుదాకా సాగనంపాను. రాగానే మందు తీసేద్దామనే. ఆయన గేటు దగ్గర కబుర్లు పెట్టాడు. ఈలోపు మామయ్య పక్కదారిన లోపలికి వెళ్ళిపోయాడు. నీ దారం దానికి అలాగే వేలాడుతోంది. సుత్తి బొడిపె మీద కూర్చుంటే క్యాప్ కనపడదు, నీకు తెలుసు.

నేను చెప్పేసేవాణ్ణేరా. నువ్వు బజారునుంచి వస్తూనే తలబాదుకుని, "దారం నేనే కట్టాను, నేనే కట్టాను" అన్నావు. నేను నోరు తెరిచేలోపు నువ్వు ఒప్పేసుకున్నావు. నేను మొదట అబద్ధం చెప్పలేదు. ఊరుకున్నాను, అంతే. తరవాత రోజురోజుకీ నోరు బరువెక్కిపోయింది.

బోర్డు మీద రంగు కూడా ఆరలేదు. మామయ్యకి తెలిస్తే నన్ను బయటికి గెంటుతాడు. నువ్వు ఎక్కడైనా బతుకుతావు. నేను ఇక్కడ తప్ప ఎక్కడుంటాను? తమ్ముడివి కదరా.

అన్నయ్య


మ్యూజియం వెనకగది,
సెప్టెంబరు 5

మామయ్యకి చెప్పు. నీ నోటితో. కాగితం రాయించి పంపు.

ఇరవయ్యో తేదీలోపు రాకపోతే నేనే బస్సెక్కుతాను.

నన్ను పనిలో పెట్టించినందుకు, మేడమ్ చదివి తిరిగిచ్చిన నీ చీటీని దాచుకున్నాను అన్నయ్యా, పర్సులో. అది ఇందులో తిప్పి పంపుతున్నాను.


వర్క్‌షాపు,
సెప్టెంబరు 15

తూనీగా,

ఒంటికంటితో రాస్తున్నాను. వరసలు కిందికి జారితే సర్దుకుని చదువుకో.

మీ అన్న నిన్న నా కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాడు. వెక్కివెక్కి ఏడ్చాడు. నేను వాడి తల నిమిరి, "సరే, లే, టీ పెట్టు" అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, "నీకు తెలుసా మామయ్యా?" అన్నాడు.

తెలుసురా. మొదటినుంచీ తెలుసు.

ఆ రోజు పిస్తోలు వైసులో పెట్టేసరికి స్ప్రింగ్ బిగించే ఉంది. నువ్వు తొందరపడి బిగించావేమో అనుకున్నాను. చూద్దామని వంగాను. స్ప్రింగ్ బిగించిన స్క్రూ మర తల అంచులు చెదిరి, గీతలు పడి ఉంది. నీ చేతిలో ఏనాడూ మర తల చెడలేదు. పెద్దోడు చెడగొడతాడు, సరిపోయే స్క్రూడ్రైవర్ వెతుక్కునే ఓపిక లేదు వాడికి. వీడెందుకు ముట్టుకున్నాడు దీన్ని అనుకుంటూ, విప్పి మళ్ళీ బిగిద్దామని సుత్తి తిరిగే పిన్ను మీద చిన్నగా తట్టాను. నా కుడికన్ను ఆఖరుగా చూసింది ఆ మర తలనే.

ఆస్పత్రిలో నువ్వు కాళ్ళు పట్టుకున్నప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. పడుకుని ఆలోచించాను. నువ్వు ఎగిరిపోయే రకం. ఇవాళ కాకపోతే రేపు ఎవరో పిలుస్తారు, పోతావు. వాడు పోడు. వాణ్ణి పిలిచేవాళ్ళు లేరు. ఒంటికంటివాడికి పక్కన ఉండిపోయేవాడు కావాలి. మందు కూరి మరిచిపోయాడని తెలిస్తే వాడి చేతికి ఎవరూ తుపాకీ ఇవ్వరు, షాపు మూతపడుతుంది. నీదంటే కుర్రతనం అని నలుగురూ మరిచిపోతారు అనుకున్నాను.

నీ ఉత్తరాలు వాడు ఒక్కటీ నాకు వినిపించలేదు. వస్తున్నాయని తెలుసు, పోస్టుమాన్ నా ముందే ఇచ్చేవాడు. నేనూ అడగలేదు.

కాగితం రాయలేను. నీ తప్పు లేదని రాస్తే మరి ఎవరిదని అడుగుతారు. ఇంకేం కావాలన్నా అడుగు. నీ చెయ్యి నా చేతికంటే మంచిది, ఎక్కడైనా నిలబడతావు.

చదివి చింపెయ్. నువ్వు నా మాట కాదనవని తెలుసు, అందుకే ఇంత రాశాను.

మామయ్య


మ్యూజియం వెనకగది,
సెప్టెంబరు 22

మామయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నీ చేతిరాత చూసిన సంతోషంలో చదివాను. ఏం రాశావో తలకెక్కలేదు. రెండోసారి ఎక్కింది. మూడోసారి, రెండోసారి తప్పు చదివానేమో అని చదివాను.

ఎగిరిపోయే రకం అన్నావు. ఎప్పుడు పోయాను? అమ్మ పోయాక నీ ఇంటికి వచ్చినవాణ్ణి, ఎనిమిదేళ్ళు రోజూ షట్టరు ఎత్తింది నేను. నాకు కాళ్ళు ఒకచోట ఆగవు, నిజమే. అవి తిరిగింది మాత్రం నీ గదిలోనే. ఉండిపోరా అని నువ్వు ఒక్కసారి అడిగి ఉంటే ఈ ఊరు ఎటువైపు ఉందో కూడా నాకు తెలిసేది కాదు.

అన్నయ్య భయపడ్డాడు. భయపడినవాడి మీద కోపం ఎప్పటికైనా చల్లారుతుందేమో. నువ్వు భయపడలేదు. మంచం మీద పడుకుని మా ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నావు. ఎవణ్ణి పారేస్తే సులువో తేల్చుకున్నావు. ఆ తరవాత మూడున్నర నెలలు నా చేతుల్ని నేనే నమ్మకుండా బతుకుతుంటే, అక్కడ బోర్డుకి రంగు వేయించావు.

నీ ఉత్తరం చింపలేదు.

ఇవాళ పొద్దున్న దాన్ని పెద్ద మేడమ్ బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివింది. "ఈయన నీకేమవుతారు?" అంది. "మామయ్యండీ, పెంచినాయన" అన్నాను. నా పేరున్న ఫైలు తీసి, ఉత్తరం అందులో పెట్టింది. గాజు అలమరల తాళాలు నావైపు జరిపింది. తరవాత గుమాస్తాని పిలిచి, మన షాపుకి పంపడానికి కట్టిపెట్టిన ఆరు తుపాకుల కట్లూ విప్పెయ్యమంది. మిగతా మ్యూజియాలవాళ్ళకి కూడా ఒక మాట రాయాలి, గుర్తుచెయ్యమంది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. వద్దండీ, పెద్దాయన, ఆ షాపే ఆధారం అంటే ఆవిడ ఆగేదే. నోటిదాకా వచ్చింది కూడా.

తాళాలు తీసుకుని వచ్చేశాను.